పేగు అతుకులో దారం వాటా ఎంత?

పేగు ఆపరేషన్ బాగానే జరిగిందని చెప్పిన నాలుగైదు రోజులకు ఒక్కోసారి రోగికి జ్వరం తగులుతుంది. నాడి పరిగెడుతుంది, పొట్ట ఉబ్బుతుంది, పక్కనుంచి పెట్టిన డ్రెయిన్ గొట్టంలో పసుపుపచ్చ నీరో మలం రంగు నీరో కనిపిస్తుంది. సూర్యాపేటలో అయినా, కోదాడలో అయినా, మిర్యాలగూడలో అయినా అప్పుడు బంధువులు అడిగే మాట ఒకటే: "కుట్లు ఊడినయా సారూ?" వాళ్ల అనుమానం దారం మీద, వేసిన చేయి మీద. అందులో తప్పేమీ లేదు. సర్జన్లు కూడా రెండు వందల ఏళ్లుగా అదే అనుమానంతో దారాలను లాగి, నానబెట్టి, జంతువుల పేగుల్లో వేసి, చివరికి వేలమంది రోగుల మీద పరీక్షించి చూస్తున్నారు. ఆ పరీక్షలన్నీ కలిపి ఏం చెబుతున్నాయి, జాతీయ రహదారి 65 చుట్టుపక్కల ఉన్న మన ఆసుపత్రులకు అందులో పనికొచ్చేది ఎంత అన్నది ఇక్కడ చూద్దాం.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. పేగు ఆపరేషన్‌లో కుట్లు ఒక చోట పడవు. పేగు కొసలను కలిపే అతుకు ఒకటి, పొట్ట గోడను మూసే కుట్టు ఇంకొకటి, పైన చర్మానిది మూడోది. పేగు అతుకు వదులైతే మలం కడుపులోకి కారుతుంది, ప్రాణం మీదికొస్తుంది. పొట్ట గోడ కుట్టు పిగిలితే పేగులు బయటికి వస్తాయి, లేదా ఏడాది తిరిగేసరికి హెర్నియా దిగుతుంది. చర్మం దగ్గర చీము పడుతుంది. ఈ మూడింటినీ కలిపి "మంచి దారం వేస్తే సరిపోయేది" అనేస్తే ఏ పరీక్ష ఏం చెప్పిందో ఎప్పటికీ తేలదు.

పేగును కలపాలన్న ఆలోచన చాలా పాతది. చిల్లు పడిన పేగు అంచులను దగ్గరికి చేర్చి నల్లచీమలతో కరిపించి, చీమ తలలను అక్కడే వదిలి పేగును లోపలికి పెట్టాలని సుశ్రుత సంహిత చెప్పింది. తల నెమ్మదిగా కరిగిపోతుంది, బయటి వస్తువు మిగలదు. ఈనాడు మనం దారంలో వెతికే గుణం సరిగ్గా అదే. ఆధునిక కాలంలో ఫ్రెంచి సర్జన్ ఆంట్వాన్ లెంబెర్ట్ 1826లో పేగు అంచులను లోపలికి మడిచి, పైపొరకు పైపొర తాకేలా కుట్టమన్నాడు. 1887లో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి అంతకన్నా ముఖ్యమైన సంగతి పట్టుకున్నాడు: పేగు గోడలో బలమంతా సబ్‌మ్యూకోజా అనే పొరలో ఉంది, సూది దాన్ని పట్టుకోవాలి.

ఇది పుస్తకంలో వాక్యంలా కనిపిస్తుంది గానీ, ఆపరేషన్ బల్ల దగ్గర చేతికి తెలిసే విషయం. పేగు గోడ నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. లోపల మెత్తని శ్లేష్మపొర, దాని వెనక సబ్‌మ్యూకోజా, తర్వాత కండరం, పైన తళతళలాడే పల్చటి సీరోజా. వంపు సూది కండరాన్ని మాత్రమే తీసుకుంటే ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది. సబ్‌మ్యూకోజాలోకి దిగితే వేలికి చిన్న బిగువు తగులుతుంది. దారం లాగినప్పుడు అంచులు తాకాలి, తెల్లబడకూడదు. తెల్లబడిందంటే ముడి రక్తాన్ని నొక్కేసిందని అర్థం. ఆ ముడి ఆ రోజు ఎంతో గట్టిగా కనిపిస్తుంది, నాలుగో రోజున దాని కింద పేగు నల్లబడి చచ్చి ఉంటుంది. లాగుడు యంత్రం దారం బలాన్ని కొలవగలదు గానీ ఈ తెల్లబడటాన్ని కొలవలేదు. దారాల పరీక్షల ఫలితాలు చదివేటప్పుడు నేను మొదట గుర్తుపెట్టుకునేది ఇదే.

ఇక దారాల సంగతి. పాతకాలం నుంచి రెండు దారాలు రాజ్యమేలాయి. పట్టు ఒకటి, గొర్రె పేగుల నుంచి తీసే క్యాట్‌గట్ ఒకటి. క్యాట్‌గట్ శరీరంలో కరుగుతుంది గానీ ఎప్పుడు కరుగుతుందో నమ్మకం లేదు. మామూలు క్యాట్‌గట్ వారం పది రోజుల్లో బలం కోల్పోతుంది. క్రోమిక్ లవణాలతో శుద్ధి చేసినది ఇంకొంత కాలం ఆగుతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నచోట రెండూ ఇంకా తొందరగా కరిగిపోతాయి. పిచ్చి ఆవు వ్యాధి భయంతో 2001లో యూరప్ క్యాట్‌గట్‌ను పక్కన పెట్టింది. పట్టు ముడి చక్కగా నిలుస్తుంది, చేతికి హాయిగా ఉంటుంది, కానీ అల్లిన దారం కనుక పోగుల మధ్య సూక్ష్మజీవులు దాక్కుంటాయి. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల చర్మంలోనే దీన్ని తేల్చారు. చీము పట్టడానికి మామూలుగా లక్షల స్టఫైలోకాకస్ సూక్ష్మజీవులు కావాలి. అక్కడ ఒక్క పట్టు కుట్టు ఉంటే కొన్ని వందలు చాలాయి. కుట్టు దారం అంటే శరీరంలో మనం వదిలే పరాయి వస్తువు అన్న ఎరుకను ఇంత స్పష్టంగా కళ్లకు కట్టిన ప్రయోగం ఇంకొకటి నాకు తెలియదు.

తర్వాత వచ్చినవి ప్రయోగశాలలో తయారైన కరిగే దారాలు. 1970 ప్రాంతంలో పాలీగ్లైకోలిక్ యాసిడ్, 1974లో విక్రిల్, 1980ల మొదట్లో పీడీఎస్. విక్రిల్ అల్లిన దారం. రెండు వారాలకు బలంలో సుమారు ముప్పాతిక వంతు, మూడు వారాలకు సగం మిగులుతుంది, రెండు నెలలు దాటాక పూర్తిగా మాయమవుతుంది. పీడీఎస్ ఒంటి పోగు. నెల తర్వాత కూడా సగానికి పైగా బలం నిలుస్తుంది, పూర్తిగా కరగడానికి ఆరు నెలలు పడుతుంది. థియేటర్లో నర్సు విప్పే రేకు కవరు మీద దారం మందం, పొడవు, సూది వంపు అసలు కొలతలో గీసిన బొమ్మ ఉంటాయి. 3-0 అని రాసి ఉంటే 2-0 కన్నా సన్నం. పేగుకు సాధారణంగా 3-0, పొట్ట గోడకు అంతకన్నా లావు.

ఇన్ని రోజులు నిలిచే దారం పేగుకు అవసరమా? పేగు గాయం మానే తీరు తెలిస్తే జవాబు దొరుకుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు కుట్టిన అంచుల్లో పాత కొల్లాజెన్ కరుగుతుంది, కొత్తది ఇంకా పడదు. అతుకు బలం అప్పుడు అడుగంటుతుంది. ఆ గడ్డు రోజుల్లో పేగును పట్టి ఉంచేది దారం, దాన్ని పట్టుకున్న సబ్‌మ్యూకోజా మాత్రమే. వారం దాటితే కొత్త కొల్లాజెన్ భారం ఎత్తుకుంటుంది. అంటే రెండు వారాలు బలం నిలిచే ఏ కరిగే దారమైనా పేగుకు సరిపోవాలి. క్యాట్‌గట్ ఒంటరిగా ఆ గడువుకు ఆగుతుందన్న భరోసా లేదు, మిగతావి దాటేస్తాయి. జంతువుల పేగుల్లో గాలి, నీరు నింపి ఎంత ఒత్తిడికి పగులుతుందో చూసిన పరీక్షలూ ఇదే వైపు చూపాయి. ఆ పరీక్షల మీద మరీ ఎక్కువ భారం వేయకూడదు కూడా. ఎలుక కడుపులో మలం కారినా తట్టుకుంటుంది, మనిషి తట్టుకోడు. ఆరోగ్యంగా ఉన్న పంది పేగుకు, మూడు రోజులు చీములో నానిన మనిషి పేగుకు పోలిక లేదు.

అందుకే మనుషుల మీద జరిగిన పరీక్షలకు రావాలి. ఒక వరుస కుట్టాలా, రెండు వరుసలా అన్నది పాత తగవు. 2000లో అమెరికాలో బర్చ్ బృందం 132 మందిని రెండుగా విడదీసింది. సగం మందికి ఒకే దారంతో ఒక వరుస, మిగతా వాళ్లకు విడివిడి ముళ్లతో రెండు వరుసలు. ఒక వరుసకు సుమారు 21 నిమిషాలు, రెండు వరుసలకు 31 నిమిషాలు పట్టాయి. లీకులు ఒక వరుసలో ఇద్దరికి, రెండు వరుసల్లో ఒకరికి. దారం ఖర్చు ఒక వరుసకు అయిదు డాలర్లలోపు, రెండు వరుసలకు 35 డాలర్లు. 2012లో కాక్రేన్ అనే వైద్య సమీక్షల సంస్థ వెలువరించిన సమీక్ష ఏడు ట్రయల్స్ నుంచి 842 మందిని కలిపి చూసి, లీకుల్లో తేడా లేదంది.

తేడా కనిపించలేదంటే తేడా లేదని కాదు. ఈ మాట మన వైద్య కళాశాలల్లో ఇంకా గట్టిగా చెప్పాలి. లీకు నూటికి అయిదు నుంచి మూడుకు తగ్గిందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వైపు సుమారు 1,500 మంది, మొత్తం 3,000 మంది రోగులు కావాలి. 132 మందితో అది తేలదు, 842 మందితోనూ తేలదు. ఈ దారం మేలా, ఆ దారం మేలా అని పేగు అతుకు మీద జరిగిన మానవ పరీక్షలు దాదాపు అన్నీ ఈ లెక్కకు అందనంత చిన్నవి. కనుక విక్రిలా, పీడీఎస్సా అని పేగు విషయంలో వాదించుకునే వాళ్ల దగ్గర ఉన్నది అలవాటే తప్ప రుజువు కాదు. నా మటుకు ఒక వరుస, కరిగే దారం, తక్కువ ఖర్చు. ఇంకో పద్ధతి మెరుగని చూపే భారం అలా అనేవాళ్లదే.

దారానికి బదులు లోహపు పిన్నులతో పేగును కలిపే స్టేప్లర్ల కథ ఇంకా పాఠం చెబుతుంది. చిన్నపేగును పెద్దపేగుకు కలిపే అతుకులో స్టేప్లర్ వాడితే లీకులు నూటికి రెండున్నర, చేతి కుట్టుకు ఆరు అని 1,125 మందితో 2011లో కాక్రేన్ తేల్చింది. వేల రూపాయల పరికరానికి అది మంచి వాదన అయింది. తర్వాత యూరప్ పెద్దపేగు వైద్యుల సంఘం 2015లో కుడివైపు పెద్దపేగు తీసిన 3,208 మంది వివరాలు రోజువారీ ఆసుపత్రుల నుంచి సేకరించింది. మొత్తం లీకులు 8.1 శాతం, స్టేప్లర్‌తో 8.5, చేతి కుట్టుతో 7.4. రోగుల మధ్య తేడాలను సరిచేశాక కూడా స్టేప్లర్ వైపే ప్రమాదం ఎక్కువ తేలింది. ఎంచుకున్న రోగులతో ట్రయల్ చెప్పింది ఒకటి, దొరికిన రోగులతో ఆసుపత్రి చెప్పింది ఇంకొకటి. చేతి కుట్టు బాగా వచ్చిన సర్జన్ స్టేప్లర్ లేదని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

తెరిచినదాన్ని మూయడం ఎంత కష్టమో చెప్పే కథలో హైదరాబాద్‌కూ ఒక ప్రత్యేక చోటు ఉంది. 2000ల మొదటి సంవత్సరాల్లో జి.వి.రావు, డి.నాగేశ్వర్ రెడ్డి అనే ఇద్దరు వైద్యులు నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి, జీర్ణాశయ గోడకు రంధ్రం చేసి, దాని గుండా అపెండిక్స్ తీసి ప్రపంచం దృష్టిని ఆకర్షించారు. పొట్ట మీద మచ్చ లేని ఆపరేషన్ అది. ఆ దారి విస్తరించకుండా ఆపిన పెద్ద అడ్డంకుల్లో ఒకటి, చేసిన రంధ్రాన్ని నమ్మకంగా మూసే పద్ధతి కుదరకపోవడం. పేగు తెరవడం ఎప్పుడూ కష్టం కాలేదు, మూయడమే కష్టం.

పొట్ట గోడ దగ్గర దారం నిజంగా తేడా తెస్తుంది. ఇక్కడ రుజువు పెద్దది. 55 ట్రయల్స్‌లోని 19,174 మందిని చూసిన 2017 కాక్రేన్ సమీక్షలో ఒంటి పోగు దారం వాడినప్పుడు హెర్నియాలు తగ్గాయి, కరిగే దారం వాడినప్పుడు కుట్టు దగ్గర ఏళ్ల తరబడి కారే పుండ్లు తగ్గాయి. అంతకుముందు 2010లో 14 ట్రయల్స్ కలిపి చూసిన సమీక్ష, నెమ్మదిగా కరిగే దారంతో వరుసగా కుట్టమని చెప్పింది. పొట్ట గోడ పేగులా వారంలో అతకదు, దాని బలం రావడానికి నెలలు పడుతుంది, అందుకే విక్రిల్ చాలదు, పీడీఎస్ లాంటిది కావాలి.

దారంతో పాటు కుట్టే తీరూ లెక్కలోకి వచ్చింది. నెదర్లాండ్స్‌లో 560 మందితో 2015లో వెలువడిన స్టిచ్ ట్రయల్, అంచు నుంచి అయిదు మిల్లీమీటర్లకు, అయిదు మిల్లీమీటర్ల ఎడంతో చిన్న కుట్లు వేయడాన్ని, సెంటీమీటరు చొప్పున వేసే పాత పెద్ద కుట్లతో పోల్చింది. ఏడాదికి హెర్నియాలు పెద్ద కుట్లలో 21 శాతం, చిన్న కుట్లలో 13. గాయం పొడవుకు కనీసం నాలుగు రెట్లు దారం ఖర్చవ్వాలని బ్రిటిష్ సర్జన్ జెంకిన్స్ 1976లోనే లెక్క కట్టాడు. ఇరవై సెంటీమీటర్ల కోతకు ఎనభై సెంటీమీటర్ల దారం. మిగిలిన ముక్కను స్కేలుతో కొలిస్తే ఎంత వాడారో తెలిసిపోతుంది, ఏ పరికరమూ అక్కర్లేదు. స్టిచ్ ట్రయల్ ముందుగా నిర్ణయించుకుని చేసిన ఆపరేషన్లది, అర్ధరాత్రి వచ్చిన చీముపట్టిన పొట్టలది కాదు. మన దగ్గర ఎక్కువగా ఉండేవి ఈ రెండో రకమే.

మూడోది చీము. ట్రైక్లోసాన్ అనే క్రిమినాశిని పూసిన దారం వస్తే చీము తగ్గుతుందని ఆశపడ్డారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో షరతులతో సిఫారసు కూడా చేసింది. అంతకుముందే 2014లో జర్మనీలోని ప్రౌడ్ ట్రయల్‌లో పూత ఉన్న దారంతో 14.8 శాతం మందికి, లేనిదానితో 16.1 శాతం మందికి చీము పట్టింది, అది లెక్కకొచ్చే తేడా కాదు. అసలు ప్రశ్న మనలాంటి ఆసుపత్రుల్లో ఏమవుతుందన్నది. 2021లో లాన్సెట్‌లో వచ్చిన ఫాల్కన్ ట్రయల్ ఆ ప్రశ్నే వేసింది. భారత్‌తో పాటు బెనిన్, ఘనా, మెక్సికో, నైజీరియా, రువాండా, దక్షిణాఫ్రికాల్లోని 54 ఆసుపత్రుల్లో 5,788 మంది. పూత దారం లాభం చూపలేదు. బేతాడిన్ బదులు ఖరీదైన ఆల్కహాల్ క్లోర్‌హెక్సిడిన్ వాడినా లాభం లేదు. మొత్తం మీద నూటికి 22 మందికి గాయం చీముపట్టింది. ఆ అంకె చిన్నది కాదు, పొట్ట తెరిచిన ప్రతి అయిదుగురిలో ఒకరికి.

ఆ బృందమే మరుసటి ఏడాది వెలువరించిన చీతా ట్రయల్ ఇంతకన్నా ఆశ కలిగించేది. ఏడు దేశాల్లో 81 ఆసుపత్రులు, 13,301 మంది. పొట్ట మూసే ముందు బృందమంతా గ్లోవ్స్ మార్చుకుని, మూయడానికి శుభ్రమైన పరికరాల సెట్ తీసుకుంటే చీము 18.9 నుంచి 16.0 శాతానికి దిగింది. పూత దారం చేయలేని పని రెండో జత గ్లోవ్స్ చేసింది. అవి కోదాడలోనూ దొరుకుతాయి, మిర్యాలగూడలోనూ దొరుకుతాయి.

ఇప్పుడు మన ఊళ్లకు. ఇక్కడ పేగు ఆపరేషన్ అంటే ఎక్కువసార్లు క్యాన్సర్‌కు తీరిగ్గా చేసేది కాదు, చిల్లు పడిన పేగుకు హడావిడిగా చేసేది. భారతదేశంలో మొదటి కారణం చిన్నపేగు మొదట్లో పుండు పగలడం, తర్వాత టైఫాయిడ్, క్షయ లాంటివి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీకి, సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే కూలీకి ఒళ్లు నొప్పులు రోజూ ఉంటాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి సూది, మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే నొప్పి బిళ్ల, పైన బీడీ, పుండు పగలడానికి బాగా తెలిసిన కారణాలు ఇవే. పగిలినప్పుడు కత్తితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. దానికీ మొదట ఇంకో నొప్పి సూదే పడుతుంది. అది నొప్పిని కప్పేస్తుంది, చిల్లును కాదు. కొన్ని గంటలకు నొప్పి తగ్గినట్టు అనిపించడం ఈ జబ్బులో అన్నింటికన్నా మోసకారి లక్షణం.

అలా ఒకటి రెండు రోజులు గడిచి రోగి సూర్యాపేట చేరేసరికి పేగు గోడ ఉబ్బి, నీరు పట్టి, ఎర్రగా మెత్తబడి ఉంటుంది. బీపీ పడిపోయి ఉంటే పేగుకు రక్తం అందదు. నెలలుగా తిండి సరిగా లేకపోతే రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువ ఉంటుంది. అలాంటి పేగుకు కుట్టు వేయడం చివికిన గుడ్డకు కొత్త దారంతో మాసిక వేయడమే: దారం తెగదు, గుడ్డే చిరుగుతుంది. లీకు అయిన చాలామందిలో మళ్లీ పొట్ట తెరిచి చూస్తే దారం ముడితో సహా చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని పక్కన పేగు కోసుకుపోయి ఉంటుంది. "కుట్లు ఊడినయా" అన్న ప్రశ్నకు నిజమైన జవాబు చాలాసార్లు "ఊడలేదమ్మా, పేగే ఆగలేదు" అన్నది.

అలాంటప్పుడు అతుకు వేయకుండా పేగు కొసను బయటికి తెచ్చి సంచి పెట్టడం ప్రాణం కాపాడే నిర్ణయం. మన దగ్గర దీనికి ఎదురయ్యే అడ్డంకి ఇంట్లోనే ఉంది. సంచి అంటే ఆపరేషన్ ఫెయిలయిందని, మనిషి ఇక పనికిరాడని అనుకుంటారు. చాలామందికి కొన్ని నెలల తర్వాత దాన్ని తీసేసి పేగు మళ్లీ కలపొచ్చని ఆపరేషన్‌కు ముందే, సంతకం పెట్టించుకునే వేళే, నెమ్మదిగా చెప్పాలి. ఏ దారం వేశారన్నదాని కన్నా అతుకు వేయాలా వద్దా అన్న నిర్ణయం రోగి బతుకును ఎక్కువ మారుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

2005లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడు ఆపరేషన్ బల్ల దాకా రావడం తేలికయింది. 2019లో సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాకా సుమారు 135 కిలోమీటర్లు మోసుకెళ్లే అవసరం కొంత తగ్గింది. కోదాడ నుంచి సూర్యాపేట గంటలోపు దారి. ఈ మార్పు దారాల మార్పు కన్నా ఎక్కువ అతుకులను కాపాడి ఉంటుందని అనుకోవడానికి కారణం ఉంది: చిల్లుపడిన పొట్టలో ప్రతి గంటా లెక్కే.

ఇక్కడ పరీక్షించవలసినది చాలా ఉంది. పీడీఎస్ చిన్న కుట్లు అర్ధరాత్రి చీముపట్టిన పొట్టల్లోనూ హెర్నియాను తగ్గిస్తాయా? చర్మాన్ని అప్పుడే కుట్టకుండా నాలుగైదు రోజులు తెరిచి ఉంచి తర్వాత కుడితే చీము తగ్గుతుందా? ఒక్క ఆసుపత్రి వీటికి జవాబు చెప్పలేదు, 3,000 మంది లెక్క అక్కడే గుర్తుకు రావాలి. సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మం, నార్కట్‌పల్లి కళాశాలలు ఒకే కాగితం మీద ఒకే వివరాలు రాసుకుంటే కొన్నేళ్లలో అందుకోగలవు. ఏ దారం, ఎన్ని వరుసలు, నొప్పి మొదలై ఎన్ని గంటలు, అల్బుమిన్ ఎంత, సర్జన్ ఎవరు, గ్లోవ్స్ మార్చారా. ఇవన్నీ కేస్ షీటులో ఆ రోజే రాసేయొచ్చు. కష్టమైనది ఒక్కటే. చీము చాలామందికి ఇంటికెళ్లాకే పడుతుంది, వాళ్లు మళ్లీ ఇక్కడికి రాకుండా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుంటారు, మన రిజిస్టరులో మాత్రం బాగైనట్టే ఉంటారు. ఫాల్కన్, చీతా రెండూ ముప్పయ్యో రోజు దాకా రోగిని వెంబడించాయి కాబట్టే వాటి అంకెలను నమ్ముతున్నాం. ముందు కావలసింది డిశ్చార్జి కాగితం మీద పనిచేసే ఫోన్ నంబరు, ముప్పయ్యో రోజున ఆ నంబరుకు ఫోన్ చేసి గాయం ఎలా ఉందని అడిగే ఒక మనిషి.